రోగి మంచం పక్కన అడగవలసిన ప్రశ్నలు

వైద్య సహాయం కోసం మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో చాలావాటికి జవాబు చెప్పడం కష్టం కాదు. కంటి శుక్లాల ఆపరేషన్, విరిగిన కాలికి రాడ్, కాన్పు ఖర్చు, నెలనెలా షుగరు మందులు. బిల్లు చూస్తాం, ఇల్లు చూస్తాం, ఆరోగ్యశ్రీ కింద వస్తుందో రాదో కనుక్కుంటాం, నిధిలో ఉన్నంతలో ఇస్తాం. కష్టమంతా ఇంకో రకం దరఖాస్తుతోనే. మనిషి వెంటిలేటర్ మీద ఉన్నారు. పన్నెండు రోజులైంది. ఇంట్లో బంగారం అయిపోయింది. కొడుకు ‘ఇంకా చూద్దాం’ అంటాడు, కూతురు ‘ఇక ఇంటికి తీసుకుపోదాం’ అంటుంది, డాక్టరు గారు ‘మీరే చెప్పండి’ అంటారు. ఈలోగా వాట్సాప్‌లో ఫోటోతో సహా విజ్ఞప్తి వస్తుంది. దాతలు ఫోన్ చేసి అడుగుతారు: ఇవ్వాలా, వద్దా?

చూడటానికి ఇది డబ్బు ప్రశ్నే. దాని అడుగున ఇంకో ప్రశ్న ఉంది. ఈ చికిత్స కొనసాగించడం సరైనదేనా? ఆ మాట చెప్పవలసింది ఎవరు? సరిగ్గా ఈ ప్రశ్న కోసమే కొన్ని దేశాల్లో ఒక వృత్తి ఏర్పడింది. అమెరికా, కెనడా వంటి చోట్ల పెద్ద ఆసుపత్రుల్లో క్లినికల్ ఎథిక్స్ కన్సల్టెంట్ అనే మనిషి ఉంటారు. మనం నైతిక సలహాదారు అందాం. వారిలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, తత్వశాస్త్రం చదివినవారున్నారు, మత గురువులున్నారు. వైద్యులకూ కుటుంబానికీ మధ్య, లేదా కుటుంబంలోనే ‘ఏం చేయాలి’ అన్నదానిపై చిక్కు వచ్చినప్పుడు వీరిని పిలుస్తారు. వీరు తీర్పు చెప్పరు, సలహా ఇస్తారు. ఆ సలహాకు ఒక పద్ధతి ప్రకారం చేరుకుంటారు. ఆ పద్ధతి ఏమిటో, అందులో మనకు పనికివచ్చేది ఎంతో చూద్దాం.

ముందు ఈ వృత్తి ఎందుకు పుట్టిందో తెలియాలి. దాతలుగా మనం తప్పక తెలుసుకోవలసిన కథ అది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ ఒక చిన్న గొట్టం అమరిక కనిపెట్టారు. రోగి చేతి రక్తనాళాలకు దాన్ని శాశ్వతంగా అమర్చితే మళ్లీ మళ్లీ డయాలసిస్ చేయవచ్చు. అంతవరకు కిడ్నీలు పూర్తిగా పాడైతే చావే. ఇప్పుడు బతకవచ్చు. కానీ యంత్రాలు కొన్నే, రోగులు ఎందరో. 1962లో అక్కడ డయాలసిస్ కేంద్రం తెరిచినప్పుడు ఎవరికి యంత్రం ఇవ్వాలో నిర్ణయించడానికి ఊరివాళ్లలోంచి ఏడుగురితో కమిటీ వేశారు. ఒక లాయరు, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వ అధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జను. జీతం లేదు. పేర్లు బయటికి చెప్పలేదు. మంచి మనసుతో వచ్చినవాళ్లే.

వైద్యపరంగా ఎవరు పనికివస్తారో డాక్టర్లు ముందే వడపోసేవారు. మిగిలినవారిలో ఎవరు బతకాలి? కమిటీ ముందు కొలబద్ద ఏదీ లేదు. దాంతో వయసు, పెళ్లి, పిల్లలు, ఆదాయం, ఆస్తి, చదువు, ఉద్యోగం, గతంలో ఏం సాధించాడు, ముందుముందు సమాజానికి ఏం పనికివస్తాడు అని చూడటం మొదలుపెట్టారు. చర్చికి వెళ్లే మనిషేనా అన్న మాట కూడా వచ్చింది. అదే ఏడాది నవంబరులో షానా అలెగ్జాండర్ అనే విలేకరి ‘లైఫ్’ పత్రికలో ఇదంతా రాసేసరికి దేశం ఉలిక్కిపడింది. ఏడుగురు మర్యాదస్తులు కూర్చుని తమలాంటి వాళ్లనే బతికిస్తున్నారని విమర్శ వచ్చింది. చివరికి 1972లో అమెరికా పార్లమెంటు కిడ్నీ రోగుల డయాలసిస్ ఖర్చును ప్రభుత్వ బీమా కిందికి తెచ్చింది. ఎంపిక చేసే అవసరం అలా తప్పింది.

ఈ కథ చదివినప్పుడల్లా మన వైద్య సహాయ ఉపసంఘం గుర్తుకు వస్తుంది. మనమూ ఊరి పెద్దమనుషులమే, జీతం లేనివాళ్లమే, నియ్యత్ మంచిదే. అయినా ‘ఆ కుర్రాడు నమాజీ’, ‘వాళ్ల నాన్న తాగుబోతు’, ‘ఆ పిల్ల బాగా చదువుతుంది’ అన్న మాటలు మన సమావేశాల్లోకి ఎంత సులువుగా వచ్చేస్తాయో అందరికీ తెలుసు. జకాత్ అర్హత వేరే సంగతి. ఖుర్ఆన్ దానికి ఎనిమిది వర్గాలను నిర్ణయించింది, సందేహం వస్తే ముఫ్తీ సాహెబ్ ఉన్నారు. కానీ అర్హులైన ఇద్దరు రోగుల్లో ఎవరు ‘విలువైన’ మనిషి అని తూచే త్రాసు మన చేతికి ఎవరూ ఇవ్వలేదు.

రెండో కథ 1975లో న్యూజెర్సీ రాష్ట్రంలో మొదలైంది. కరెన్ క్విన్లన్ అనే 21 ఏళ్ల అమ్మాయి స్పృహ కోల్పోయింది, మెదడు బాగా దెబ్బతింది. నెలల తరబడి శ్వాసయంత్రం మీదే ఉంది. తల్లిదండ్రులు భక్తిగల కేథలిక్కులు. తమ చర్చి గురువును సంప్రదించి, యంత్రం తీసేయమని అడిగారు. డాక్టర్లు ఒప్పుకోలేదు. విషయం కోర్టుకు వెళ్లింది. 1976లో రాష్ట్ర సుప్రీంకోర్టు తల్లిదండ్రుల వైపు తీర్పు చెబుతూ, ఇలాంటివి ప్రతిసారీ కోర్టుకు రానక్కరలేదు, ఆసుపత్రిలోని ఎథిక్స్ కమిటీ చూడవచ్చు అంది. అక్కడి నుంచి ఆసుపత్రుల్లో అలాంటి కమిటీలు పెరిగాయి. ఇంతా చేసి యంత్రం తీశాక ఆ అమ్మాయి సొంతంగానే ఊపిరి పీల్చింది, 1985 వరకు స్పృహ లేకుండానే జీవించింది. ఎవరి ఆయువు ఎంతో యంత్రం చెప్పలేదని అక్కడివాళ్లకీ అర్థమైంది.

ఇక పద్ధతి దగ్గరికి వద్దాం. ఈ రంగంలో రెండు మూడు చట్రాలు బాగా వాడుకలో ఉన్నాయి. 1979లో బోషాం, చిల్డ్రెస్ అనే ఇద్దరు ఆచార్యులు ఒక గ్రంథంలో నాలుగు సూత్రాలు చెప్పారు: రోగి స్వనిర్ణయాన్ని గౌరవించడం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం. వినడానికి బాగున్నాయి. చిక్కల్లా అవి ఒకదానితో ఒకటి పోట్లాడినప్పుడు ఏం చేయాలన్నదే. అందుకని మంచం దగ్గర పని చేసేవాళ్లకు ఇంకొంచెం చేతికందే సాధనం కావలసి వచ్చింది. 1982లో జాన్సెన్ అనే తత్వవేత్త, సీగ్లర్ అనే వైద్యుడు, విన్‌స్లేడ్ అనే న్యాయవాది కలిసి ఒక కాగితాన్ని నాలుగు గళ్లుగా విభజించమన్నారు. మొదటి గడిలో వైద్య పరిస్థితి. రెండో గడిలో రోగి ఇష్టం. మూడో దానిలో చికిత్స తరువాత ఆ మనిషి బతుకు ఎలా ఉంటుందన్నది. నాలుగో దానిలో చుట్టూ ఉన్నవి: కుటుంబం, డబ్బు, మతం, చట్టం.

మాకు ఇందులో నచ్చింది ఆ గళ్ల వరస. బడిలో రేఖాగణితం చెప్పేటప్పుడు పిల్లల చేత ముందు దత్తాంశం రాయిస్తాం, తరువాత సారాంశం, ఆ తరువాతే ఉపపత్తి. తెలివైన పిల్లలు దత్తాంశం రాయకుండా నేరుగా ఉపపత్తికి దూకుతారు, తప్పుతారు. మన ఇళ్లలో ఐ.సి.యు. బయట జరిగే మాటలు కూడా అంతే, నాలుగో గడి నుంచి మొదలవుతాయి. ‘ఎంతవుతుంది?’ ‘జనం ఏమనుకుంటారు?’ ‘తమ్ముడు రావాలి కదా?’ మొదటి గడి ఖాళీ, రెండో గడి మరీ ఖాళీ.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులను నడిపే ప్రభుత్వ శాఖ సలహాదారుల కోసం అయిదు మెట్ల పద్ధతి ఒకటి తయారు చేసింది. వచ్చిన ప్రశ్న అసలు ఏమిటో తేల్చుకోవడం, సమాచారం సేకరించడం, అందరినీ కూర్చోబెట్టి దాన్ని కలిపి చూడటం, తేలినదాన్ని వివరించి రాతపూర్వకంగా పెట్టడం, తరువాత ఏమైందో కనిపెట్టి ఉండటం. ఈ మెట్లూ ఆ గళ్లూ కలిపి ఎలా పని చేస్తాయో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది మేము పాఠం కోసం కల్పించుకున్నది, ఎవరి ఇంటి కథా కాదు.

68 ఏళ్ల పెద్దాయన. పదిహేనేళ్లుగా షుగరు. మెదడులో పెద్ద రక్తస్రావం జరిగి ఆసుపత్రిలో చేర్చారు. పన్నెండు రోజులుగా వెంటిలేటర్. ఇప్పుడు కిడ్నీలు కూడా మందగించాయి. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టాలి, డయాలసిస్ మొదలుపెట్టాలి, సంతకం చేయండి అంటున్నారు. పెద్ద కొడుకు ఊళ్లోనే మెకానిక్ షెడ్డు నడుపుతాడు. చిన్న కొడుకు కువైట్‌లో డ్రైవరు. కూతురు పక్క వీధిలో ఉంటుంది, రోజూ అబ్బాజాన్‌కు ఇన్సులిన్ ఇచ్చేది ఆమే. భార్య ఒక మూల తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. కువైట్ నుంచి చిన్న కొడుకు ఫోన్లో ‘ఎంతైనా చేయండి, అప్పు చేసైనా పంపిస్తా’ అంటున్నాడు.

సలహాదారును పిలిచిన డాక్టరు చెప్పిన కారణం ఒక్కటే: ‘కుటుంబం సహకరించడం లేదు.’ సలహాదారు దీన్ని అలాగే తీసుకోరు. అది ఫిర్యాదు, ప్రశ్న కాదు. దాన్ని ప్రశ్నగా మార్చాలి: ‘ఈ రోగి తరఫున నిర్ణయం చెప్పవలసింది ఎవరు? కోలుకునే ఆశ తక్కువగా ఉన్నప్పుడు కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టడం ఆయనకు మేలా, కాదా?’ ఇలా రాసుకున్నాక సగం కోపాలు పక్కకు పోతాయి.

తరువాత ఆ మనిషిని కళ్లారా చూడాలి. ఫోన్లో విని సలహా చెప్పడం ఈ వృత్తిలో తప్పు కింద లెక్క. కేసు షీటు చదవాలి, వైద్యులందరితో విడివిడిగా మాట్లాడాలి. మన ఉదాహరణలో కిడ్నీ డాక్టరు ‘డయాలసిస్‌తో కిడ్నీ సంగతి చూసుకోవచ్చు’ అన్నారు. అది నిజం. మెదడు డాక్టరు ‘స్పృహ తిరిగి రావడం చాలా కష్టం’ అన్నారు. అదీ నిజం. పెద్ద కొడుకు మొదటి మాట విన్నాడు, కూతురు రెండో మాట విన్నది. అన్నాచెల్లెళ్ల పోట్లాటకు కారణం ప్రేమలో తేడా కాదు, ఇద్దరికీ చేరిన సమాచారంలో తేడా. ఇలాంటి చోట సలహాదారు చేసే మొదటి పని డాక్టర్లిద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, కుటుంబానికి ఒకే మాట చెప్పించడం. నీతిశాస్త్రం ఇంకా మొదలే కాలేదు. అయినా చిక్కుల్లో ఎన్నో ఇక్కడే విడిపోతాయి.

రెండో గడి రోగి ఇష్టం. రోగి మెలకువగా ఉంటే నేరుగా ఆయన్నే అడగాలి. నిర్ణయం చెప్పగల స్థితిలో ఉన్నారా అన్నది నాలుగు సంగతులతో చూస్తారు: చెప్పింది అర్థం చేసుకోగలరా, అది తన గురించేనని గ్రహించారా, మంచిచెడ్డలు పోల్చుకోగలరా, తన మాట స్పష్టంగా చెప్పగలరా. ముసలితనం, చదువు రాకపోవడం, డాక్టరుతో ఏకీభవించకపోవడం, ఇవేవీ ఆ హక్కును తీసేయవు. మన పెద్దాయన స్పృహలో లేరు కనుక ఇంటివాళ్లను అడగాలి. ఏమని అడగాలన్నదే ఇక్కడ కీలకం. ‘మీరేం చేయమంటారు?’ అంటే కొడుకు మీద కొండ పెట్టినట్టే. ఏ కొడుకు నోటితో తండ్రికి వైద్యం వద్దంటాడు? ‘మీ అబ్బాజాన్ ఇప్పుడు కళ్లు తెరిచి ఇదంతా చూడగలిగితే, ఆయన ఏమంటారు?’ అని అడగాలి. మొదటి ప్రశ్న కొడుకు ధైర్యాన్ని పరీక్షిస్తుంది. రెండోది తండ్రి మాటను వెతుకుతుంది.

ఆ ప్రశ్న వేసినప్పుడు అంతవరకు మాట్లాడని భార్య నోరు విప్పింది అనుకుందాం. నిరుడు వాళ్ల బావగారు ఇలాగే మిషన్ల మీద ఇరవై రోజులు ఉండి పోయినప్పుడు, జనాజా నుంచి వచ్చి ఈయన అన్నారట: నన్ను మాత్రం ఇలా పెట్టకండి, ఇంట్లో, కలిమా చెవిన పడుతుండగా పోనివ్వండి. కూతురు కూడా విన్నది. పెద్ద కొడుకు తల వంచుకున్నాడు, అతనూ విన్నాడు. చిన్న కొడుకు వినలేదు, ఆరేళ్లుగా కువైట్‌లోనే ఉన్నాడు.

చిన్న కొడుకు అభ్యంతరం ఇంకా ఉంది, దాన్ని తేలికగా తీసేయకూడదు. ‘వైద్యం ఆపితే మనమే చంపినట్టు కాదా? అల్లాహ్‌కు ఏం జవాబు చెబుతాం?’ అతనికి ఇది నాలుగో గడిలోని చిన్న సంగతి కాదు. మంచి సలహాదారు ఇక్కడ తానే మతం చెప్పడు. ఆ కుటుంబం నమ్మే ఆలిమ్‌ను పిలిపిస్తాడు. మన ధర్మశాస్త్రంలో ఈ చర్చకు చాలా లోతు ఉంది. ఇమామ్ గజాలీ (మరణం 1111) షరీఅత్ కాపాడే అయిదింటిని చెప్పారు: ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశం, ఆస్తి. ప్రాణం అంత ముందుంది. అదే సమయంలో ఫిఖ్ సూత్రాల్లో హాని తొలగించాలని, కష్టం సౌలభ్యాన్ని తెస్తుందని, పనుల విలువ వాటి ఉద్దేశాన్ని బట్టి ఉంటుందని ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఉస్మానియా సామ్రాజ్యం ‘మజల్లా’ అనే న్యాయస్మృతిని ఇలాంటి 99 సూత్రాలతో ప్రారంభించింది. చట్రం కట్టుకుని ఆలోచించడం మన సంప్రదాయానికి కొత్త కాదని చెప్పడానికే ఇదంతా.

చికిత్స విషయంలో ఫుఖహా చేసిన విభజన కూడా ఆ కొడుక్కి చెప్పదగినది. గుణం తప్పక ఇస్తుందని తెలిసి, మానేస్తే ప్రాణం పోయే చికిత్స వేరు. గుణం సందేహంగా ఉన్న చికిత్స వేరు. రెండోది ప్రతి ఒక్కరికీ ఫర్జ్ అని అధిక సంఖ్యాకులు అనలేదు. ప్రాణం తీయాలని చేసే పని హరామ్, అందులో రెండో మాట లేదు. ఫలితం లేని యంత్రాన్ని చేర్చకపోవడం దానితో సమానం కాదు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, మెదడు పూర్తిగా, తిరిగి రానివిధంగా ఆగిపోయిందని నిపుణులు తేల్చినప్పుడు, గుండె యంత్రం వల్ల కొట్టుకుంటున్నా ఆ యంత్రాన్ని తీయవచ్చని తీర్మానించింది. అందరు ధర్మవేత్తలూ దీన్ని ఒకేలా స్వీకరించలేదు. మన ఉదాహరణలోని పెద్దాయన మెదడు పూర్తిగా ఆగిపోలేదు కూడా. అందుకే ఏదో ఒక ఫత్వాను వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా, ఆలిమ్‌ను డాక్టరు పక్కన కూర్చోబెట్టి అసలు సంగతులు వినిపించాలి. తప్పు దత్తాంశం మీద ఇచ్చిన ఫత్వా ఎంత గొప్ప ముఫ్తీ ఇచ్చినా ఆ రోగికి వర్తించదు.

అందరూ కూర్చున్నాక ఏం తేలవచ్చు? సలహాదారులు తరచు వాడే ఒక మార్గం ఉంది, గడువు పెట్టి ప్రయత్నించడం. డయాలసిస్ అయిదు రోజులు చేద్దాం. ఫలానా గుర్తులు కనిపిస్తే, అంటే పిలిస్తే కళ్లు తిప్పడం, చెయ్యి నొక్కడం వంటివి ఉంటే, ముందుకు పోదాం. లేకపోతే కొత్తగా ఏమీ చేర్చం, నొప్పి లేకుండా, ఆయాసం లేకుండా చూస్తాం. ఈ అయిదు రోజుల్లో కువైట్ నుంచి చిన్న కొడుకు వస్తాడు. ఎవరూ ఎవరినీ ఓడించలేదు. ఇదంతా కేసు షీటులో రాసిపెడతారు, ఎందుకంటే రాత్రి డ్యూటీకి వచ్చే కొత్త డాక్టరుకు పగటి మాటలు తెలియవు. అయిదో రోజున సలహాదారు మళ్లీ వస్తారు. పెద్దాయన చనిపోయినా వస్తారు, సంతకం పెట్టిన కొడుకు తరువాత ఎలా ఉన్నాడో చూడటానికి.

1998లో అమెరికాలోని బయో ఎథిక్స్ సంఘం సలహాదారులకు ఉండవలసిన నేర్పుల గురించి నివేదిక ఇస్తూ రెండు తప్పుల నుంచి దూరంగా ఉండమంది. ఒకటి, సలహాదారు తన నిర్ణయాన్ని అందరి మీదా రుద్దడం. రెండోది, అందరూ ఒప్పుకుంటే చాలు, అది సరైనదా కాదా అక్కరలేదనుకోవడం. రెండోది మన సమాజంలో ఎక్కువ. నలుగురు పెద్దలు కూర్చుని రాజీ చేసేశాం అనుకుంటాం, ఆ రాజీలో మంచం మీది మనిషి మాటే ఉండదు. 42వ సూరాకు షూరా, అంటే సంప్రదింపు, అని పేరు. ఎవరిని గురించి సంప్రదిస్తున్నామో వారిని వదిలేసిన షూరా ఏపాటిది?

ఒక్క విషయంలో పడమటి దేశాల పద్ధతికీ మన ఇళ్లకూ గట్టి తేడా ఉంది. అక్కడ రోగే కేంద్రం, ఇక్కడ కుటుంబం. క్యాన్సర్ అని తేలితే మనం ముందు పెద్ద కొడుక్కి చెబుతాం, తల్లికి ‘గడ్డ, తగ్గిపోతుంది’ అంటాం. దాని వెనుక ప్రేమే ఉంది, కాదనం. కానీ ముస్లింలుగా దీన్ని ఇంకోసారి ఆలోచించాలి. వసియ్యత్ రాయాలన్నా, తీసుకున్న అప్పు చెప్పాలన్నా, ఎవరి అమానత్ అయినా తిరిగి ఇవ్వాలన్నా, తోబుట్టువుతో మాటలు కలుపుకోవాలన్నా, తౌబా చేసుకోవాలన్నా మనిషికి తన సంగతి తెలియాలి. దాచిపెట్టి మనం ఆ తల్లి నుంచి తీసుకుంటున్నది ఆ కొద్ది రోజులనే. అనుభవజ్ఞులైన సలహాదారులు దీనికి మధ్యేమార్గం చూపిస్తారు, ముందుగా రోగినే ఇలా అడగమంటారు: ‘అమ్మా, మీ రిపోర్టులు వచ్చాయి. అన్నీ మీకే చెప్పమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?’ అబ్బాయికి చెప్పమంటే అదీ ఆమె నిర్ణయమే.

మన దేశంలో ఈ వృత్తి ఇంకా చాలా అరుదు. ఆసుపత్రుల్లో ఎథిక్స్ కమిటీ అని బోర్డు కనబడితే అది ఎక్కువగా పరిశోధనలకు, కొత్త మందుల ప్రయోగాలకు అనుమతులిచ్చేది. చట్టం మాత్రం కొంత ముందుకు వచ్చింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కోలుకునే ఆశ లేని రోగికి కృత్రిమ చికిత్సను నిలిపివేయడానికి, అలాగే మనిషి ఆరోగ్యంగా ఉండగానే తన ఇష్టాన్ని రాసి పెట్టుకోవడానికి అనుమతిచ్చింది. 2023 జనవరిలో దాన్ని సులభం చేసింది. ఆ పత్రాన్ని ఇప్పుడు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చేయవచ్చు. చికిత్స నిలపాలంటే ఆసుపత్రిలో ముగ్గురేసి వైద్యులతో రెండు బోర్డులు ఒకదాని తరువాత ఒకటి చూడాలి. అంటే కుటుంబం ఒక్కటే, డాక్టరు ఒక్కరే, డబ్బు అయిపోయిందన్న కారణం ఒక్కటే చాలవు. ఇటువంటి పత్రం రాసుకోవాలనుకునే ముస్లిం ముందుగా తన ఆలిమ్‌తో మాట్లాడి, ఏ చికిత్స వరకు కావాలో, కలిమా, గుసుల్, దఫన్ విషయంలో ఏమి కోరుతున్నాడో కూడా రాసుకుంటే బాగుంటుంది.

ఇక సొసైటీ పనికి వద్దాం. మనం ఆసుపత్రి కమిటీ కాదు, చికిత్స ఆపమనే అధికారం మనకు లేదు, ఉండకూడదు. డబ్బు ఇచ్చేవాడికి మాట చెల్లుతుందనే అలవాటు వల్లే ఈ జాగ్రత్త అవసరం. దాత ఫోన్ చేసి ‘నేను రెండు లక్షలు ఇస్తాను, వెంటిలేటర్ తీయొద్దని చెప్పండి’ అంటే అది సహాయం కాదు, రోగి స్థానంలో కూర్చోవడం. ‘ఆశ లేనివాళ్లకు ఎందుకు వృథా’ అని నిధి ఆపడం కూడా అదే కుర్చీ. మనం చేయగలిగింది, పెద్ద మొత్తం కోరే ప్రతి ఐ.సి.యు. దరఖాస్తుతో పాటు మన కార్యకర్త నాలుగు సంగతులు కనుక్కుని రావడం. బాగుపడే అవకాశం గురించి ప్రధాన డాక్టరు కుటుంబానికి కూర్చోబెట్టి చెప్పారా? రోగి ఎప్పుడైనా ఏమైనా అన్నారా, భార్యను, తల్లిని అడిగారా? ఈ డబ్బు ఎన్ని రోజులకు సరిపోతుంది, ఆ తరువాత ఏమిటి? ఇంట్లో ఈ చికిత్స వల్ల ఎవరి చదువు, ఎవరి మందులు ఆగిపోతున్నాయి? జవాబులను బట్టి సొమ్ము ఇవ్వడం మానమని కాదు దీని అర్థం. చాలాసార్లు ఆ ప్రశ్నలు అడగడమే మనం ఇచ్చే చెక్కు కంటే ఎక్కువ పని చేస్తుంది. అవి అడిగినవాళ్లు అంతవరకు ఎవరూ ఉండరు.

సొమ్ము ఎక్కడ ఖర్చు పెట్టవచ్చన్న దాన్ని కూడా విశాలంగా చూడాలి. మన దాతలకు యంత్రం కనబడుతుంది, ఉపశమనం కనబడదు. నొప్పి తగ్గించే మందులు, ఇంటికి వచ్చే నర్సు, గాలి పరుపు, పడక పుండ్లకు కట్టు, అమ్మీని చూసుకోవడానికి పని మానేసిన కూతురికి నెల ఖర్చు, వీటికి విజ్ఞప్తి చేస్తే ఎవరి గుండే కరగదు. హైదరాబాదులో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. ‘ఇంక చేసేదేమీ లేదు’ అని ఇంటికి పంపిన మనిషికి చేయవలసింది చాలా ఉంటుందని అక్కడికి వెళ్లి చూసినవారికి తెలుస్తుంది. వచ్చే ఏడాది నిధిలో కొంత భాగం దీనికే కేటాయించాలన్నది మా సూచన.

ఫోటోల సంగతి కూడా చెప్పాలి. ముక్కులో గొట్టం, ఒంటి మీద సగం బట్ట ఉన్న రోగి ఫోటో వందల ఫోన్లకు వెళ్తుంది. ఆ మనిషి అందుకు ఒప్పుకోలేదు, ఒప్పుకోగల స్థితిలో లేరు. కోలుకుని ఇంటికి వచ్చాక కూడా ఆ ఫోటో ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది. నైతిక సలహాదారులకు రోగి రహస్యం కాపాడటం మొట్టమొదటి నియమం. మన ధర్మంలో సత్ర్ అన్న మాట ఉండనే ఉంది. ఇకమీదట విజ్ఞప్తిలో ఫోటో ఉండదు, పేరు ఉండదు. వయసు, జబ్బు, ఆసుపత్రి బిల్లు, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు జవాబులు ఉంటాయి. వాటిని కార్యదర్శి సంతకంతో పంపుతాం. సందేహం ఉన్న దాత ఆఫీసుకు వచ్చి కాగితాలు చూసుకోవచ్చు, జొహర్ నుంచి ఇషా వరకు ఎవరో ఒకరు ఉంటారు.